వంజంగి ఫ్యామిలీ ట్రిప్పు రివ్యూ: జీపుకి ఐదు స్టార్లు, టెంటుకి రెండు (అదీ జాలిపడి)

ముందే చెప్పేస్తున్నా, నలుగురు కుర్రాళ్ళు బళ్ళేసుకుని రాత్రికి రాత్రి బయల్దేరి పొద్దున్నకి ఫోటోలు పెట్టేసే టైపు ట్రిప్పుకి ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు. మేం వెళ్ళింది 16 మందిమి. 74 ఏళ్ళ అమ్మమ్మ, ఇద్దరు మావయ్యలు, ఇద్దరు అత్తయ్యలు, అమ్మా నాన్న, పిన్ని, బాబాయ్, వాళ్ళబ్బాయి, బావ, వాళ్ళావిడ (నాకు అక్క వరస), మా తమ్ముడు, మావారు, నేను, ఆరేళ్ళ మా పాప. ఇంతమందిని ఒక్క పెళ్ళికి తీసుకెళ్ళడమే కష్టం, అలాంటిది జనవరి చలిలో కొండ మీద టెంట్లలో పడుకోబెడదాం అన్న ఐడియా ఎవరిదీ అంటే నాదే, అందుకే ఇప్పటికీ తిట్లు నాకే పడుతున్నాయి, కాబట్టి మీరన్నా జాగ్రత్త పడతారని రాస్తున్నా.

ఎక్కడికో తెలియనివాళ్ళకి: వంజంగి అంటే పాడేరు పక్కనుండే కొండ, అల్లూరి సీతారామరాజు జిల్లా. 2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలు వేసినప్పుడు పాడేరే జిల్లా కేంద్రం అయ్యింది. తెల్లారే టైముకి కొండ మీద నిలబడితే మబ్బులన్నీ మన కాళ్ళ కింద ఉంటాయి. రాత్రంతా లోయలో గాలి చల్లబడి తేమంతా పొగమంచు అయి అడుగునే కూర్చుంటుంది, ఎండ గట్టిపడేదాకా కదలదు, మనం దానికన్నా ఎత్తులో ఉంటాం కాబట్టి పైనుంచి చూస్తాం, అంతే కథ. అందుకే ఎనిమిది తొమ్మిదింటికి తీరిగ్గా ఎక్కేవాళ్ళకి కొండలు తప్ప ఏమీ కనపడవు, కిందకొచ్చి మోసం మోసం అంటారు. మోసం కాదు బాబూ, నువ్వు లేట్.

మేం గాజువాక నుంచి శనివారం పొద్దున్న ఏడింటికి అనుకుని తొమ్మిదింపావుకి బయల్దేరాం. 12 మంది టెంపో ట్రావెలర్లో, మిగతా నలుగురు మూడు బళ్ళ మీద. బావ, అక్క హిమాలయన్ 411 మీద, తమ్ముడు అద్దెకి తెచ్చిన ఎక్స్‌పల్స్ మీద, చిన్న మావయ్య తన ఆర్ఎక్స్ 100 మీద. అవును, ఆర్ఎక్స్ 100. ఆ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది, మా మావయ్య మాత్రం ఆగలేదు. "దాని మీద ఘాటీ ఎక్కుతావేట్రా" అని అమ్మమ్మ, "మధ్యలో ఆగిపోతే టెంపోకి తాడు కట్టి లాగుదాం లెండి" అని బావ, ఆ రోజంతా మావయ్యని ఆడుకున్నారు. ఆదివారం పొద్దున్న ఏమైందో కింద చెప్తా.

అనకాపల్లి, చోడవరం, వడ్డాది మీదుగా మాడుగుల. మాడుగుల వచ్చి హల్వా కొనకుండా వెళ్తే అమ్మమ్మ టెంపో దిగదు కాబట్టి ఆగాం. గోధుమపాలతో చేసే హల్వా అది, నెయ్యి చేతికి అంటుకుని రెండు రోజులు వదలదు. పెట్టెలు ఆరు తీసుకున్నాం, ఈ హల్వా కథలో మళ్ళీ వస్తుంది. అక్కణ్ణుంచి ఘాట్ మొదలు. మలుపులకి పిన్ని వాళ్ళబ్బాయికి వాంతులు, పాపకి నిద్ర. మధ్యలో అమ్మవారి పాదాల దగ్గర అందరూ బళ్ళాపి దణ్ణం పెట్టుకుంటారు, మేమూ ఆగాం, మోదకొండమ్మకి కొబ్బరికాయ కొట్టి మళ్ళీ ఎక్కాం. ఘాట్ రోడ్డు మామూలు తారు రోడ్డే, ఆఫ్ రోడ్ ఏమీ లేదు, కానీ ఎదురుగా బస్సొచ్చే మలుపుల్లో హారన్ కొట్టకుండా వెళ్ళొద్దు.

ఇంక క్యాంపు సంగతి. పేరు రాయను. ఆ చుట్టుపక్కల ఇలాంటివి చాలానే ఉన్నాయి, ఒక్కరి పేరు పెట్టి తిట్టడం నా ఉద్దేశం కాదు, బుక్ చేసేముందు ఏం అడగాలో తెలిస్తే చాలు. మాకు తలకి 1,300, పాపకి సగం. అందులో టెంటు, రాత్రి భోజనం, క్యాంప్ ఫైర్, పొద్దున్న టీ టిఫిన్. జీపు విడిగా, ఒక్కోటి 2,500, మాకు రెండు.

ఫోన్లో చెప్పింది "ఫోర్ పర్సన్ టెంట్ అండి, ఫుల్ వాటర్‌ప్రూఫ్ అండి, బెడ్డింగ్ అంతా ఉంటుందండి". వెళ్ళి చూస్తే పంట కోసేసిన పొలంలో వరసగా గోపురం టెంట్లు, దాదాపు పాతిక. నలుగురి టెంటు అంటే నలుగురు చిన్నపిల్లలు పక్కపక్కన చేపల్లా పడుకుంటే పడతారని అర్థం. ఇది మాత్రం వాళ్ళ ఒక్కరి తప్పు కాదులెండి, టెంట్ల కంపెనీలన్నీ అలాగే రాస్తాయి, ఇద్దరికి కావాలంటే ముగ్గురి టెంటు అడగాలి, పెద్దవాళ్ళయితే నలుగురిదానిలో ఇద్దరే. బెడ్డింగ్ అంటే వేలు మందం ఫోమ్ షీటు, జిప్పు పోయిన స్లీపింగ్ బ్యాగు. కింద కోసేసిన పైరు మొదళ్ళు వీపుకి గుచ్చుకుంటున్నాయి. నాన్న ఒకసారి పడుకుని లేచి "దీనికన్నా మన స్టేషన్ ప్లాట్‌ఫారం నయం" అన్నారు.

అసలు బాధ రాత్రి రెండింటికి మొదలైంది. నా ముక్కు మీద ఒక చుక్క పడింది. వాన అనుకున్నా. బయటికి తల పెట్టి చూస్తే చుక్కలు మెరిసిపోతున్నాయి, మబ్బే లేదు. మళ్ళీ పడుకున్నా, ఈసారి చెంప మీద. టార్చి వేసి పైకి చూస్తే టెంటు కప్పు లోపలి వైపంతా సన్నగా చెమట పట్టినట్టు నీళ్ళు, పాప చెయ్యెత్తి వేలితో గీత గీసింది, ఆ గీత వెంట నీళ్ళు బొటబొటా మా దుప్పటి మీద. మేం వదిలే ఊపిరే అది. లోపల ముగ్గురం ఊపిరి పీలుస్తున్నాం, బయట చలికి బట్ట ఐస్ ముక్కలా ఉంది, ఆవిరి దానికి తగిలి నీరవుతోంది. టెంటుకి రెండు పొరలుండాలి, లోపలిది గాలి ఆడే పల్చటి బట్ట, పైది వాన ఆపే బట్ట, రెండిటికీ మధ్య జానెడు సందు. అప్పుడు ఆవిరి లోపలి బట్ట దాటిపోయి పై బట్టకి పడుతుంది, అటునుంచటే కిందకి జారిపోతుంది, మన మీద పడదు. మాకిచ్చినవాటికి పై బట్ట ఉంది, కానీ దాన్ని తాళ్ళు లాగి మేకులు కొట్టకుండా ఊరికే తల మీద తువ్వాలు వేసినట్టు పడేశారు, రెండు బట్టలూ అతుక్కుపోయాయి. పైగా చలి అని మేమే కిటికీ జిప్పులన్నీ బిగించేసాం, అది మా తెలివి.

ఇదంతా నాకెలా తెలిసిందంటే, బావ డెకథ్లాన్‌లో కొన్న సొంత టెంటు తెచ్చుకున్నాడు. అదే పొలం, అదే చలి, మా టెంటుకి పది అడుగుల దూరం, పొద్దున్న చూస్తే లోపల పొడిగా ఉంది. సాయంత్రం అతను ఒక్కో తాడూ లాగి మేకు కొడుతుంటే అందరం నవ్వాం, పెళ్ళి పందిరి వేస్తున్నావా అని. రాత్రి రెండున్నరకి మా పాపని ఎత్తుకెళ్ళి ఆ టెంట్లోనే పడుకోబెట్టాను. అమ్మమ్మ, అమ్మ, పెద్ద అత్తయ్య మాత్రం పదకొండింటికే టెంటు వద్దని టెంపోలోకి వెళ్ళిపోయారు, సీట్లు వెనక్కి వాల్చుకుని శాలువాలు కప్పుకుని శుభ్రంగా నిద్రపోయారు. 1,300 ఇచ్చి టెంపోలో పడుకోవడం ఏమిటో అని నాన్న లెక్కలు మొదలెట్టారు గానీ ఆయన మాట ఎవరూ వినలేదు.

మీరు వెళ్తే అడగాల్సినవి: టెంటుకి ఎంతమంది కాదు, ఎన్ని టెంట్లు ఇస్తారు అని అడగండి. బాత్రూములు ఎన్ని అని అడగండి, మాకు పాతిక టెంట్లకీ రెండు, అందులో ఒకదానికి గడియ లేదు, మావారు బయట కాపలా. నీళ్ళు డ్రమ్ములో ఉంటాయి, పొద్దున్న ఆ నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు మనవి కావు. జనవరిలో అటు పాడేరు, చింతపల్లి, లంబసింగి వైపు పది డిగ్రీల కిందకి పడిపోవడం మామూలే, వేడినీళ్ళు ఇస్తారా లేదా అన్నది ముందే తేల్చుకోవాలి. సౌండ్ సిస్టం ఎన్నింటికి ఆపుతారు అని కూడా. పక్క బ్యాచ్ ఒంటిగంట దాకా డీజే పెట్టారు, కొండల్లో ప్రశాంతత కోసం వచ్చి గాజువాక సెంటర్లో గణపతి నిమజ్జనం చూసినట్టయింది. అడిగితే క్యాంపు అతను "వాళ్ళూ డబ్బులిచ్చారు కదండి" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేకపోయింది.

భోజనం దగ్గర తప్పు మాదే. శనివారం బుక్ చేసాం. మా ఇంట్లో సగం మందికి శనివారం నీచు లేదు, అమ్మమ్మకైతే ఒక్కపూట. క్యాంపులో మెనూ అంతా చికెన్ చుట్టూనే తిరుగుతోంది, వెజ్ అంటే పప్పు, అన్నం, ఒక అప్పడం. అమ్మ తెచ్చిన పులిహోర, చిన్న అత్తయ్య చేసిన దిబ్బరొట్టెలు లేకపోతే పస్తే. తినేవాళ్ళకి మాత్రం బొంగులో చికెన్ బావుంది, నిజంగా బావుంది. పచ్చి వెదురు బొంగులో ఉప్పు కారం మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు దోపి మంటలో తిప్పుతూ కాలుస్తారు, నూనె వెయ్యరు, వెదురులో ఉండే తడికే ఉడుకుతుంది. బొంగు నల్లగా మాడాక పళ్ళెంలో వంపితే వచ్చే ఆ మొదటి వాసన ఉంది చూసారూ. కానీ అది ప్యాకేజీలో లేదు, విడిగా డబ్బులు, ఆర్డర్ ఇచ్చిన గంటంపావుకి వచ్చింది. క్యాంప్ ఫైర్ కట్టెలు కూడా మొదటి మోపు ఫ్రీ, రెండోది కొనాలి. మొదటి మోపు పచ్చిగా ఉంది, అరగంట పొగ పీల్చాం, బాబాయ్ విసనకర్రతో విసిరి విసిరి చివరికి తన మఫ్లరు అంచు కాల్చుకున్నాడు.

ఇప్పటిదాకా చదివి ఇంక వెళ్ళకూడదు అనుకుంటున్నారేమో, ఆగండి. జీపు దగ్గరికి రాలేదింకా.

ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి జీపులొచ్చాయి. పాత మహీంద్రాలు, పైన టార్పాలిన్, పక్కల ఏమీ లేదు, ముందు అద్దానికి పసుపు బొట్లు, నిమ్మకాయలు. మా జీపు డ్రైవరు పాతికేళ్ళ కుర్రాడు, అక్కడి ఊరివాడే, మాతో తెలుగు, రెండో జీపు అతనితో వాళ్ళ ఆదివాసీ ఒడియా. అమ్మమ్మని చూడగానే "మామ్మగారు ముందు సీట్లో కూర్చోవాలండి, వెనక అయితే నడుం పోద్ది" అన్నాడు. తన సీటు కింద నుంచి ఒక దిండు తీసి ఆవిడ నడుం వెనక పెట్టాడు. ఆ దిండు ఎప్పుడూ ఉంచుతాడట, పెద్దవాళ్ళొస్తే ఇవ్వడానికి. ఎక్కే మెట్టు ఎత్తుగా ఉందని ఒక చెక్క పెట్టె తెచ్చి వేసాడు. నేను అప్పటికే ఐదు స్టార్లు ఫిక్స్ అయిపోయాను, బండి ఇంకా స్టార్ట్ చెయ్యలేదు.

టికెట్టు గేటు దాటాక కొంచెం సేపటికి మంచి రోడ్డు అయిపోతుంది. ఎర్రమట్టి, మధ్యలో వాన నీళ్ళు కోసేసిన గాళ్ళు, ఫుట్‌బాల్ అంత రాళ్ళు, రాత్రి మంచుకి పైన మట్టి సబ్బులా జారుతోంది. అక్కడ ఆపి, గేరు రాడ్డు పక్కనున్న ఇంకో పొట్టి రాడ్డు లాగాడు. నాలుగు చక్రాలూ కలిసి తిరుగుతాయండి ఇప్పుడు, అని మా పాపకి చెప్పాడు. ఇంజను గోల పెరిగింది, బండి మాత్రం నడిచినంత స్పీడు. ఒక పక్క చక్రం గాడిలో దిగి బండి మొత్తం లోయ వైపు వాలిపోయింది, వెనక సీట్లో పెద్ద మావయ్య "ఒరే ఒరే ఒరే" అంటుంటే ఇతను స్టీరింగు చిన్నగా అటూ ఇటూ ఆడిస్తూ రాయి మీద నుంచి ఎక్కించి పైకి తెచ్చేసాడు, యాక్సిలేటర్ ఒక్కసారి కూడా గట్టిగా తొక్కలేదు. వెనకొచ్చే ఇంకో పార్టీ సొంత ఎస్‌యూవీ వేసుకొచ్చారు, టూ వీల్ డ్రైవు, అదే గాడిలో చక్రం గిర్రున తిరుగుతూ మట్టి చిమ్ముతూ ఉండిపోయింది. దిగేటప్పుడు ఇంకా బాగా తెలిసింది తేడా. "బ్రేకు తొక్కితే జారిపోద్దండి, గేర్లోనే దిగాల" అని ఫస్ట్ గేర్లో వేసి కాలు బ్రేకు మీద నుంచి తీసేసాడు, బండి తనంతట తను మెట్లు దిగినట్టు దిగింది. చేతిలో ఫ్లాస్కు పట్టుకుని కూర్చున్న అమ్మమ్మ టీ ఒక్క చుక్క ఒలకలేదు అంటే మీరు నమ్మరు. సరే, ఒక చుక్క ఒలికింది.

పోయినేడాది బొర్రా గుహల దగ్గర నుంచి కటికి జలపాతానికి ఇలాగే జీపులో వెళ్ళాం, ఆ రోడ్డు ఇంతకన్నా ఘోరం, ఆ డ్రైవరు ట్రిప్పులు ఎక్కువ వేసుకోవాలని పరిగెత్తించాడు, బాబాయ్ తల పైన ఇనప కడ్డీకి కొట్టుకుని బొప్పి కట్టింది. అందుకే ఈసారి అందరికీ భయం. జీపు ఏదైనా, రోడ్డు ఏదైనా, తోలేవాణ్ణి బట్టి ఉంటుంది. మీరు క్యాంపు బుక్ చేసేటప్పుడు టెంటు ఫోటోలు కాదు, జీపు ఎవరు తోలతారు, ఫోర్ వీల్ పనిచేస్తుందా, టైర్లు బోడిగా ఉన్నాయా అని అడగండి. ఫోర్ వీల్ రాడ్డు ఉండి పనిచెయ్యని జీపులు కూడా తిరుగుతున్నాయట, మా డ్రైవరే చెప్పాడు.

బళ్ళ కథ. ముగ్గురూ జీపుల వెనకే వచ్చారు, అక్క మాత్రం తెలివిగా బండి దిగి జీపెక్కేసింది. తమ్ముడి ఎక్స్‌పల్స్‌ మీద నాకేం కంప్లైంట్ లేదు, ముందు 21 అంగుళాల చక్రం, నేలకి 220 మిల్లీమీటర్ల ఎత్తు, రాళ్ళ మీద నుంచి సులువుగా పోతోంది. కంప్లైంట్ అంతా మా తమ్ముడి మీదే. సీటు మీద బిగుసుకుని కూర్చుని, కింద రాయినే చూస్తూ, భయమేసినప్పుడల్లా ముందు బ్రేకు. మూడో మలుపులో తడి మట్టి మీద ముందు బ్రేకు నొక్కాడు, చక్రం పక్కకి పోయింది, బండి పడింది, కాలు సైలెన్సర్‌కి తగిలింది. చలికి ప్యాంటు మీద ఇంకో ప్యాంటు వేసుకోబట్టి చర్మం కొంచెం ఎర్రబడి ఆగింది. అక్క వాటర్ బాటిల్ మొత్తం దాని మీద పోసింది, పిన్ని పేస్టు రాద్దామంటే అక్క రాయనివ్వలేదు, మామూలు నీళ్ళే పది పదిహేను నిమిషాలు పోస్తూ ఉండాలని. బ్రేకు లివరు విరిగింది. అద్దె షాపు వాళ్ళు తర్వాత ఆ లివరుకి డిపాజిట్లో నుంచి 1,800 కోసుకున్నారు, బయట మెకానిక్‌ని అడిగితే నాలుగైదు వందల్లో అయిపోయేదన్నాడు. అద్దె బండి తీసుకుంటే ఏ పార్టుకి ఎంత అనేది ముందే కాగితం మీద రాయించుకోండి, చుట్టూ వీడియో తీసుకోండి.

బావ హిమాలయన్ ఎక్కింది, కానీ చెమటలు పట్టించింది. దగ్గర దగ్గర 200 కిలోల బండి, వాలిందంటే ఒక్కడి వల్ల కాదు లేపడం. వెనక ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసేది) ఆఫ్ చేసుకుని, టైర్లలో గాలి తగ్గించుకుని, ఫుట్‌రెస్టుల మీద నిలబడి నడిపాడు, అలా నిలబడితే బండి కింద ఎంత ఊగినా మనిషి ఊగడు. గాలి తగ్గించేవాళ్ళు మళ్ళీ కొట్టుకోవడానికి చిన్న పంపు పెట్టుకోండి, పైన మీకెవరూ కొట్టరు.

చిన్న మావయ్య? ఆర్ఎక్స్ 100, 103 కిలోలు. హవాయి చెప్పులు (ఎంత చెప్పినా బూట్లు వేసుకోలేదు), మంకీ క్యాపు, దాని మీద హెల్మెట్. జీపు మలుపు తిరుగుతుంటే పక్కనుంచి ఆ టప్ టప్ టప్ శబ్దం, నీలం పొగ, ఇరుకైన చోట రెండు కాళ్ళూ నేలకి ఆనించి బండిని సైకిల్లా తోసుకుంటూ ఎక్కేసాడు. చివర రాళ్ళ దగ్గర ఆగిపోతే ఇద్దరు కుర్రాళ్ళు బండిని రెండు పక్కలా పట్టుకుని ఎత్తి అవతల పెట్టేసారు. హిమాలయన్‌ని అలా ఎత్తమనండి చూద్దాం. పార్కింగ్ దగ్గర మా కంటే ముందే చేరి, బండికి ఆనుకుని, బావ చెమటలు కక్కుకుంటూ వస్తుంటే "తాడు కావాలేట్రా అల్లుడూ?" అన్నాడు. ఆయనకి 58 ఏళ్ళు. దాని సస్పెన్షన్ ఇలాంటి రోడ్లకి చేసింది కాదు, సాయంత్రానికి నడుం పట్టేసి జండూబామ్ రాయించుకున్నాడు, కాబట్టి ఎవరూ ఇది చదివి తాతగారి బండి బయటికి తియ్యొద్దు.

జీపు ఆగిన చోటు నుంచి పైకి నడకే. చీకట్లో రాళ్ళ దారి, జనం చాలా, టార్చి లేకుండా వెళ్ళొద్దు, ఫోను టార్చి చాలదు, రెండో చేత్తో పట్టుకోవడానికి ఖాళీ ఉండాలి కదా. అమ్మమ్మ, అమ్మ కిందే ఉండిపోయారు. పాపని మావారు భుజాల మీద ఎక్కించుకున్నారు. పైన నేను చూసింది మీరందరూ ఇప్పటికే వెయ్యి ఫోటోల్లో చూసుంటారు, దాని గురించి ఎక్కువ రాయను. ఒక్కటి మాత్రం ఫోటోల్లో రాదు, ఎండ మొదటి గీత పడగానే ఆ మబ్బు మీద సన్నగా కదలిక మొదలవుతుంది, గిన్నె అంచుకి పాలు పొంగొచ్చి ఆగినట్టు, పొర్లుతుందేమో అనిపించి అందరూ ఒక్కసారి గప్‌చుప్. డీజే బ్యాచ్ కూడా.

నాకు లోపల అమ్మమ్మ చూడలేకపోయిందే అని ఉంది. కిందకొచ్చి చూస్తే ఆవిడ జీపు ముందు సీట్లో శాలువా తల మీద కప్పుకుని కూర్చునుంది, పక్కన డ్రైవరు కుర్రాడు ఆకు గిన్నెలో ఏదో తింటున్నాడు. అతను జీపుని కొంచెం వెనక్కి తీసి, చెట్లు అడ్డం లేని చోట ముందు అద్దం లోయ వైపు ఉండేలా పెట్టాడట. మబ్బంతా అమ్మమ్మకి కూర్చున్న చోటికే కనిపించింది. "ఎవరే ఇన్ని దుప్పట్లు ఆరేసారు, రాత్రి మనకి ఒక్కటి ఇవ్వలేదు" అంది నన్ను చూడగానే. అతను తింటున్నది మాడుగుల హల్వా. అమ్మమ్మ పెట్టె విప్పేసింది.

దారిలో అతను మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడలో కాఫీ తోటలు చూపించాడు, పళ్ళు ఎర్రబడ్డాయి, కొన్ని ఇళ్ళ ముందు పట్టాల మీద ఆరబోసి ఉన్నాయి. ఈ మన్యం అరబికా కాఫీకి 2019లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. పాడేరులో జీసీసీ (గిరిజన సహకార సంస్థ) వాళ్ళ దగ్గర కాఫీ పొడి, తేనె, పసుపు, రాజ్మా కొన్నాం, పెద్ద అత్తయ్య రాజ్మా ఐదు కిలోలు, ఎందుకో ఆవిడకే తెలీదు. వలిసె పూల పసుపు పొలాల కోసం జనవరిలో వెళ్ళొద్దు, అవి నవంబరు, డిసెంబరు మొదట్లో, మేం వెళ్ళేసరికి కోతలు కూడా అయిపోయాయి, ఫోటో ప్లాన్ చేసుకొచ్చిన అక్క పసుపు చీర సంచిలోనే ఉండిపోయింది. తిరుగు ప్రయాణం అరకు మీదుగా, చాపరాయి దగ్గర నీళ్ళలో కాళ్ళు పెట్టి, అనంతగిరి ఘాట్ దిగి, శృంగవరపుకోట, ఇల్లు చేరేసరికి రాత్రి పది. ఆ భాగం గురించి అందరూ రాసారు కాబట్టి వదిలేస్తున్నా.

పెట్రోలు పాడేరులోనే ఫుల్ చేయించుకోండి, చేతిలో డబ్బు కాగితాల రూపంలో ఉంచుకోండి, పైన సిగ్నల్ వస్తూ పోతూ ఉంది, టీ కొట్టు దగ్గర స్కాన్ చేసి "తిరుగుతోంది తిరుగుతోంది" అంటూ పది నిమిషాలు నిలబడ్డాను. చెత్త వెనక్కి తెచ్చుకోండి దయచేసి, మబ్బు కరిగాక కొండ మీద ఏం మిగులుతుందో చూస్తే సిగ్గేసింది, చిప్స్ కవర్లు.

క్యాంపు అతనికి ఫోన్ చేసి టెంటు నీళ్ళ సంగతి చెప్పాను. తిట్టలేదు, తాళ్ళు లాగి మేకులు కొట్టించండి చాలు అన్నాను. "వచ్చేసారి మీకు కొత్త టెంట్లు పెట్టిస్తానండి" అన్నాడు. వచ్చేసారి నాలుగు టెంట్లు మేమే కొనుక్కుని, చోటుకీ బాత్రూముకీ మాత్రం డబ్బులిచ్చి, మిగిలింది జీపుల మీద పెడదామని బావ, అసలు టెంట్లే వద్దు పాడేరులో రూములు తీసుకుని నాలుగింటికి జీపెక్కితే చాలని అమ్మ, ఇద్దరూ మా ఫ్యామిలీ గ్రూపులో వారం నుంచి కొట్టుకుంటున్నారు. నేను అమ్మ పార్టీ, మా పాప బావ పార్టీ.

అమ్మమ్మ మాత్రం గ్రూపులో లేదు, ఆవిడ రోజూ ఫోన్ చేసి ఒక్కటే అడుగుతోంది, ఆ జీపు కుర్రాడికి వాళ్ళమ్మ కోసం ఒక పెట్టె హల్వా పంపిస్తానని మాటిచ్చాను, పంపావా లేదా అని. ఇంకా పంపలేదు. ఈ ఆదివారం చిన్న మావయ్య ఆర్ఎక్స్ మీద మాడుగుల దాకా వెళ్ళొస్తానంటున్నాడు, అక్కణ్ణుంచి పాడేరు ఎంత దూరంలే అని కూడా అంటున్నాడు.